అత్తమ్మ సీసల మొలకలు

తిరుమలగిరి
11-11-2018

బిడ్డా దీప్తీ,

మీ అత్తమ్మ సుక్కమ్మ రాస్తున్న. గొర్లు బాగున్నయి, మేకలు బాగున్నయి, మీ మామ ఐలేశం మోకాళ్ల నొప్పులని మూలుక్కుంటనే బాగున్నడు. నల్లమేక ఈనింది, రెండు పిల్లలు. అండ్ల ఒకటి అచ్చం నీ లెక్కనే, ఎవలు పిలిచినా ఉలికిపడి చూస్తది.

ఫోన్ చెయ్యరాదా అత్తమ్మా అంటవు. ఫోన్ల నీ గొంతు ఇన్నంగనే నాకు దుక్కమొస్తది. నాకొస్తే నీకొస్తది. నువ్వటు నేనిటు ఏడుస్తుంటే మీ మామ కట్టె పట్టుకొని గొర్ల కాడికి లేచిపోతడు, అన్నం గిన్నె గట్లనే ఉంటది. కాయిదమైతే మంచిది. దుక్కమొస్తే పెన్ను పక్కకు పెట్టి, ముఖం కడుక్కొని, మల్ల వచ్చి కూసుంట. నేను లేచిపోయిన సంగతి కాయిదానికి తెల్వది. బడిల నేను రెండో తరగతి దాటలే, నాకు పలక మీద అచ్చరాలు దిద్దించింది గోపాలే గద. వంకర పోతే నన్ననకు, నీ పెనిమిటిని అను. నా కొడుకు పోయి ఏడాదిన్నర అయితాంది, వాణ్ని తిట్టెటోళ్లు సుత ఎవలు లేరు.

ఇగ అసలు ముచ్చట. నువ్వు పంపిన పొట్లం పక్కింటి మల్లీశ్వరి తెచ్చి అరుగు మీద పెట్టిపోయిందట. నేను జీవాలకు నీళ్లు పెట్టి వచ్చేసరికి ఇంటినిండ పోపు వాసన. మీ మామ పొయ్యి కాడ కూసున్నడు. "దీప్తి ఆవాలు పంపిందే, పచ్చిపులుసుల పోపేసిన. చిటపట అంటున్నయి గని ఘాటు లేదు. నల్గొండల ఆవాలు సుత కల్తీ అయినయి" అన్నడు.

ఇద్దరం పులుసు పోసుకున్నంక పొట్లం అడుగున నీ చీటి దొరికింది. గింజలు నానవెయ్యాలె, సీసల పోసి మూతికి పల్చటి బట్ట కట్టాలె, పొద్దుగాల పొద్దుమీకి కడగాలె, మొలకలు పచ్చవడ్డంక పచ్చియే తినాలె అని రాసినవు. ఎట్ల తినాలెనో రాసినవు గని ఎందుకు తినాలెనో రాయలే. మనిషి పచ్చి ఆకు తినాలంటే దవాఖానోళ్లు చెప్పి ఉండాలె. నీకేమన్న రోగమొచ్చిందా బిడ్డా? హాస్టల్ల అన్నం సరిగ పెడుతలేరా? మీ మామ అయితే "పిల్ల అక్కడ గడ్డి తిని బతుకుతాంది, ఒక పొట్టేలునమ్మి నల్గొండ పోదాం పా" అని చెప్పులేసుకున్నడు. నేనే ఆపిన. ఉన్నదున్నట్టు రాయి. నీ జవాబు వచ్చేదాక ఆ గింజలను ముట్ట.

నీ మంచి కోరే
అత్తమ్మ


నల్గొండ
17-11-2018

అత్తమ్మా,

మామ పోపు ముచ్చట చదువుకుంట నేను నవ్విన నవ్వుకు హాస్టల్ల పక్క మంచం పిల్ల లేచి కూసున్నది. ఆమెకు సుత చదివి వినిపించిన. ఇప్పుడు ఇక్కడ ఎవరన్నా ఆవాలు కొనుక్కొస్తే "మీ మామకు చూపించినవా" అంటున్నరు.

నాకు ఏ రోగం లేదు. మందుల దుకాణంల పనిచేస్తున్న కద, రోగమొస్తే మందు నా చేతికందే అరలనే ఉంటది. మామను చెప్పులు విప్పుమను.

అవి బ్రోకలి గింజలు. బ్రోకలి అంటే గోబిపువ్వే అనుకో, పచ్చగ ఉంటది, చలికాలం కాస్తది. పువ్వు దాక ఆగకుండ, గింజ మొలిచి రెండు చిన్న ఆకులు విప్పంగనే తింటున్నరు ఇక్కడ. మా దుకాణం మీది గదిని విజేందర్ అని ఒకాయన కిరాయికి తీసుకున్నడు. గదంత ఇనుప అరలు, అరల నిండ పళ్లాలు, పళ్లాల నిండ మొలకలు. పొద్దుగాల నడకకు పోయేటోళ్లు, జిమ్ముకు పోయేటోళ్లు డబ్బాలల్ల కొనుక్కపోతరు. మా దుకాణం పిల్లలు ఆయనకు గడ్డి విజేందర్ అని పేరు పెట్టిండ్రు. ఆయనకు కోపం రాదు. "గడ్డే కద, తిని చూడుండ్రి" అని తలా ఇంత చేతుల పెడతడు. నాకు సుత పెట్టిండు. ముల్లంగి లెక్క జర ఘాటు, ముక్కుకు తగులుతది. అది తిన్న రోజు నాకు మస్తు ఆకలైంది అత్తమ్మా. ఎన్ని రోజులకో ఆకలి అనేది ఎట్లుంటదో తెలిసింది. అప్పుడే నువ్వు యాదికొచ్చినవు.

మల్లీశ్వరక్క అంతా చెప్పింది. కూర వండుతవు, మామకు పెడతవు, నువ్వు ఇన్ని మజ్జిగ తాగి పండుకుంటవు. ఏది నోట్ల పెట్టినా మట్టి తిన్నట్టున్నది అన్నవట. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, అమ్మ చేతి ముద్ద నాకు యాదికి లేదు. నాకు తెలిసిందల్లా నీ చేతి ముద్దనే. ఆ చెయ్యి తన నోటికి పోతలేదంటే నేనెట్ల ఊకుంట చెప్పు.

ఉల్లిగడ్డ సన్నగ కోసి, నిమ్మకాయ పిండి, ఉప్పు చల్లి, మొలకలు కలుపుకొని రొట్టెల పెట్టుకో. సీస శుభ్రంగ ఉండాలె, నీళ్లు మంచియి ఉండాలె, మురిగిన వాసనొస్తే పారబొయ్యాలె అని విజేందర్ మరీ మరీ చెప్పమన్నడు.

తిన్నవని రాయి, నాకంతే సాలు.

నీ కోడలు
దీప్తి


తిరుమలగిరి
28-11-2018

బిడ్డా,

నీకు రోగం లేదన్న మాట మీ మామ మల్ల మల్ల చదివించుకున్నడు. పొట్టేలు బతికిపోయింది.

గోపాల్ కాలేజీకి పోయేటప్పుడు మామిడి తొక్కు పెట్టిచ్చిన గాజు సీస యాదికున్నదా, దాన్నే బూడిదతోని తోమి, ఉడుకునీళ్లతోని కడిగి పెట్టిన. గింజలు పోసి, మీ మామ పాత ధోతి అంచు చింపి మూతికి కట్టిన. ధోతి కొత్తదే అని ఆయన, పాతదే అని నేను. నీళ్లు పోసుడు, వంచుడు, పోసుడు, వంచుడు. పసిపిల్లకు తానం పోసినట్టే పని.

గింజ పగిలి తెల్లటి తోక పెట్టింది. ఆ తోక చుట్టు సన్నగ నూగు వచ్చింది. బూజు పట్టింది, పాయె అనుకొని పెంట మీదికి తీసుకపోతుంటే మల్లీశ్వరి ఉరికొచ్చి ఆపింది. "అక్కా, అది బూజు కాదు, వేరుకొచ్చే నూగు. నీళ్లు పోసి చూడు, అణిగిపోతది" అన్నది. పోసిన. అణిగింది. ఇంట్ల మాత్రం గోబిపువ్వు ఉడకబెట్టినట్టు ఒకతీరు వాసన. మీ మామ మంచం బయటేసుకున్నడు. నీ లెక్క ఉన్నదన్న మేకపిల్ల లోపలికొచ్చి ఆ ధోతి అంచు సగం నమిలింది.

మొన్న బట్ట విప్పి చూస్తే సీస నిండ పచ్చగ, ఒకదాన్నొకటి తోసుకుంట నిలవడ్డయి. నేను జరసేపు సీసను ఒళ్లె పెట్టుకొని కూసున్న. అన్ని మొలిచినయి బిడ్డా. వట్టిగ పోయిన గింజ కండ్లవడలే.

మొలకల పని మంచిగ అయింది. ఇంకిన్ని గింజలు పంపు.

విజేందర్ గదిల గడ్డి పెంచుతడంటే మీ మామకు మస్తు నచ్చిండు. గొర్లు ఎన్నున్నయో అడిగి రాయుమన్నడు.

అత్తమ్మ


నల్గొండ
9-12-2018

అత్తమ్మా,

మొలకల పని మంచిగ అయిందని రాసినవు, చదివి నా కడుపు నిండింది. ఇంకో పొట్లం పంపుతున్న. పోపు డబ్బాకు దూరంగ పెట్టు.

మామ అడిగిన మాట విజేందర్‌ను అడిగిన. గొర్లు లేవట. ఒక్కటి సుత లేదా అని మామ లెక్కనే నేను మల్ల అడిగితే నవ్విండు. ఆయనది హుజూర్‌నగర్ దిక్కు. అక్కడ వాళ్లమ్మ సైదమ్మ ఉంటది, వరి పొలం చూసుకుంటది. ఇంత మంచి పొలం పెట్టుకొని గదిల గడ్డి పెంచే పిలగానికి పిల్లనెవరిస్తరని ఆమె బాధ. విజేందర్ ఆ మాట చెప్పుకుంట తనే నవ్వుతడు.

ఒక పొట్లం నీకు ఇంత తొందరగ అయిపోయిందంటే విజేందర్ నమ్మలేదు. "మీ అత్తమ్మ గిన్నెలకు గిన్నెలు తింటున్నట్టున్నది, కడుపు నొస్తదేమో, జర జర తినుమనుండ్రి" అన్నడు. గింజలు ఊరికెనే ఇచ్చిండు, నీ తరఫున పైసలిస్తనన్నా వినలేదు. విజేందర్ ఏమంటడంటే, తన మొలకలు ఇష్టంగ తినే ముసలామె తిరుమలగిరిల ఒకామె ఉన్నదని చెప్పుకుంటే తన ధైర్యం పెరుగుతదట. ముసలామె అన్నది ఆయన మాట, నా మాట కాదు.

చలి పెరిగింది. మామను మంచం లోపలేసుకొమ్మను.

దీప్తి


తిరుమలగిరి
30-12-2018

బిడ్డా దీప్తీ,

ముసలామె ఎవలో ఆ విజేందర్‌కు వచ్చి చూపిస్తనని చెప్పు.

మీ మామ మంచం లోపలికొచ్చింది. ఆయన సంగతి ఇంకొకటి. మొన్న మాంసం వండితే ఒక పిడికెడు మొలకలు తెచ్చి కంచంల చల్లుకున్నడు. "గొర్రె తినేది, గొర్రె, రెండు ఒక్కకాడనే దొరికినయి" అనుకుంట తిన్నడు. మంచిగున్నదట. మల్లీశ్వరి సుత ఒక సీస పెట్టింది, ఆమె పిల్లలు ఆడుకునుటానికి తీసుకపోయి ఒలకబోసిండ్రు.

నాకు ఇంకిన్ని గింజలు కావాలె. ఈసారి జర ఎక్కువ పంపు.

ఒకటి గమనించిన. నీ ఉత్తరంల ఆ విజేందర్ పేరు పచ్చిపులుసుల ఉల్లిగడ్డ లెక్క ఎక్కడ ముంచినా గంటెకు తగులుతాంది. ఊకెనే అన్న, ఏమనుకోకు.

నువ్వు వచ్చి మస్తు రోజులైతాంది. ఒక్క పూట వచ్చిపో. మన చెల్క గట్టుకు గోపాల్ కాడికి తోలుకపోయి నీకొకటి చూపియ్యాలె. రాస్తే అర్థం కాదు, చూడాలె.

తొందరగ రా.
అత్తమ్మ


నల్గొండ
4-2-2019

అత్తమ్మా,

నిన్న ఆదివారం నేను ఇంటికొచ్చిన. నువ్వు, మామ గొర్లను తోలుకొని పోయిండ్రట, పొద్దుమీకిందాక రారని మల్లీశ్వరక్క చెప్పింది. చూపిస్తనన్నవు కద అని నేను ఒక్కదాన్నే చెల్క గట్టుకు పోయిన.

చూసిన. గోపాల్‌ను పెట్టిన కాడ చుట్టు తుమ్మకంప నాటి, లోపల ఆ మొలకలు నాటినవు. ఆకులు ఎదిగినయి. మల్లీశ్వరక్కను అడిగితే "మీ అత్త ఒక్క ఆకు సుత నోట్ల పెట్టలే, సీస కాంగనే గట్టుకు తీసుకపోతది" అన్నది. ఇన్ని రోజులు నువ్వు తింటున్నవనుకొని నేను సంబరపడ్డ.

ఆ గింజలు ఎవరిచ్చిండ్రో నీకు తెలుసు. పేరు మల్ల మల్ల వస్తాందని నువ్వే రాసినవు. ఆయనిచ్చినవన్నీ తీసుకపోయి గోపాల్ మీద పెట్టి, నన్ను పిలిచి చూపిస్తనన్నవు. నేను ఎవరిదాన్నో యాది చేస్తున్నవని నాకు అర్థమైంది. మాటతోని అన్నా సరిపోయేది.

విజేందర్ నన్ను పెండ్లి చేసుకుంటవా అని అడిగిన మాట నిజం. నేను ఏం చెప్పలేదు. ముందుగాల నీకు చెప్పాలెనని నిన్న వచ్చిన. ఇయ్యాల పొద్దుగాల ఆయనకు చెప్పేసిన, మా అత్తమ్మకు ఇష్టం లేదు, వద్దు అని.

ఇగ గింజలు రావు. ఒంట్ల జాగ్రత్త.

దీప్తి


తిరుమలగిరి
9-2-2019

బిడ్డా,

నీ ఉత్తరం మీ మామ తెచ్చిండు. ఆయనకు చదువ రాదు గద, కవరు చేతుల పట్టుకొని "పల్చగున్నదే, బిడ్డకు కోపమొచ్చినట్టున్నది" అన్నడు.

మొదటిసారి చదివితే నాకు అర్థం కాలే. మల్ల చదివితే అర్థమైంది. మేకలకు ఆకు కొట్టేసి వచ్చి ఇప్పుడు రాస్తున్న. జర నిమ్మళంగ చదువు.

నీకు తెల్వని ముచ్చట ఒకటున్నది. మూడోనాడు మనోళ్లల్ల ఏం చేస్తరు? పెట్టిన కాడ మట్టి సాపు చేసి, నవధాన్యాలు చల్లి, పాలు నీళ్లు పోస్తరు. అవి మొలిస్తే పోయినోడు నిమ్మళంగ పోయిండని అనుకుంటరు. అప్పుడు నిన్ను ఇంట్ల మూలకు కూసోబెట్టిండ్రు, గడప దాటనియ్యలే. నేను పోయిన. నా చేతులతోనే చల్లిన. పిడుగు పడి వాడు పోయిననాడు కురిసిందే వాన, దాని తర్వాత చినుకు లేదు. రోజు బిందె మోసుకపోయి పోసిన. మొలవలే బిడ్డా. పెసరు గింజ సుత మొలవలే. చీమలు తీసుకపోయినయో, ఎండకు మాడినయో. కులపెద్ద పెద్దులు మామ "పిలగానికి మనసుల ఏదో మిగిలింది" అన్నడు. ఆయన ఊకెనే అన్నడు, అని మరిచిపోయిండు. నేను మరువలే. ఏ ముద్ద నోట్ల పెట్టినా ఆ వట్టి మట్టే కండ్లల్ల మెదిలేది. తిన్నది మట్టిలెక్క ఉన్నదని మల్లీశ్వరితోని నేనన్నది అందుకే.

ఇగ సీసల అన్ని గింజలు మొలిచిననాడు నేనెట్ల తింట చెప్పు. ఎవలిచ్చిన గింజలని నేను చూడలే. మొలిచే గింజలని చూసిన. ఒళ్లె పెట్టుకొని గట్టుకు తీసుకపోయిన. మొదటి సీసవి వాడిపోయినయి. రెండో సీసవి మన మేకలే తిన్నయి, నీ లెక్క ఉన్న పిల్లనే ముందు. అప్పుడు మీ మామ పోయి తుమ్మకంప కొట్టుకొచ్చి చుట్టు నాటిండు. నువ్వు పంపిన ఆ తర్వాతియి పట్టుకున్నయి. నిన్ను పిలిచింది గదే చూపియ్యనీకె. "చూడు బిడ్డా, మొలిచింది, వానికి ఏ మిగులు లేదు, ఇగ మనం సుత మంచిగుందాం" అందామనుకున్న. నువ్వు ఒక్కదానివే పోయి ఇంకోతీరు చదువుకుంటివి.

నీ ఉత్తరం వచ్చే ముందురోజు ఆకుల నడుమ గుండీ అంత పువ్వు కనవడ్డది. మీ మామ వంగి చూసి "గోబిపువ్వుకు పచ్చకామెర్లైనట్టున్నయే, పసరు పోద్దామా" అన్నడు. అది పచ్చగనే ఉంటదని దీప్తి రాసింది గద అంటే, అయితే మంచిదే అన్నడు. ఇంటికొచ్చే తొవ్వల నాకు ఆకలైంది. ఉత్త ఆకలి కాదు, కాళ్లు గుంజే ఆకలి. సీసల ఉన్నయి తీసి, నువ్వు చెప్పినట్టే ఉల్లిగడ్డ కోసి, నిమ్మకాయ పిండి, జొన్నరొట్టెల పెట్టుకొని తిన్న. ముక్కుకు తగిలింది, కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఎందుకేడుస్తున్నవే అన్నడు మీ మామ. ఘాటు అన్న. ఇంకో రొట్టె తిన్న. నమ్మకుంటే మల్లీశ్వరిని అడుగు, రొట్టె ఆమె ఇంట్లకెల్లే అడుక్కొచ్చిన.

ఇగ విజేందర్ ముచ్చట. పచ్చిపులుసుల ఉల్లిగడ్డ అని నేను రాసింది నవ్వుతవని రాసిన, నువ్వు దాన్ని ముల్లు చేసుకున్నవు. ఆయన నిన్ను అడిగిండని నాకేం తెలుసు? నన్ను అడుగకుండనే నా పేరు చెప్పి వద్దని వస్తివి. అది మాత్రం నాకు నచ్చలే. ఆయన నీకు వద్దైతే నీ మీద వేసుకొని చెప్పు. నా మీద ఎందుకేస్తవు? నా నెత్తి మీద మేకలకు మోసే ఆకుమోపు ఉన్నది, అదే సాలు.

నువ్వు ఇంకో ఇంటికి పోతే మాకు కోడలివి కాకుండ పోతవని ఊరోళ్లు అంటరు. నాకు సుత ఆ భయమున్నది, దాచుడెందుకు? వాడు రొట్టె అంచులు తీసి పక్కకు పెట్టేది, చలికాలం సుత తలకిందికి తడిబట్ట అడిగేది, ఇవన్ని యాది చేసుకునుటానికి నాకు నువ్వొక్కదానివే ఉన్నవు. గని ఆ భయానికి నిన్ను గుంజకు కట్టెయ్య. కోడలివి కాకుంటే బిడ్డవైతవు. నాకు తక్కువేం పోయింది?

నీకు ఆయన ఇష్టమా కాదా, ఒక్క ముక్క రాయి. నన్ను పక్కకు పెట్టి రాయి.

అత్తమ్మ


నల్గొండ
19-2-2019

అత్తమ్మా,

నీ ఉత్తరం గల్లా పెట్టె కాడ నిలవడి చదివిన. మందుకొచ్చినాయన "ఏమైందమ్మా" అని నాకే గోలీలు రాయిస్తనన్నడు. గోపాల్ కాడ ఏం మొలవలేదన్న సంగతి నాకు ఎవరు చెప్పలేదు. ఆ బరువు నువ్వు ఒక్కదానివే మోసినవు. నేను పోయి చూసి కోపానికొచ్చిన. నాలుగైదు తీర్ల రాసి చింపేసిన. రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటుంటే నువ్వు ఆగలేదు.

నిన్న నేను మందుల లోడు దించుకునుటానికి గోదాముకు పోయిన సమయం చూసి మీరిద్దరు విజేందర్ గదికి పోయిండ్రట. నాకు ఒక మాట చెప్పకుండ. ఆయనే అంతా చెప్పిండు.

గదిల కుర్చీలు లేకపోతే పళ్లాలు బోర్లేసి కూసోబెట్టిండట. మామ ఆకును రెండు వేళ్లతోని నలిపి వాసన చూసి "మేత మంచిగున్నది, దీంతోని ఒక ఇరవై జీవాలు సాకొచ్చు, నీకెందుకు లేవు" అన్నడట. నువ్వు పళ్లెం ముందర పెట్టి "నువ్వు తింటవా, అమ్ముడేనా" అన్నవట. ఆయన తిని చూపించిండు. "వంట వస్తదా" అన్నవట. అన్నం వస్తది, పప్పు వస్తది, రొట్టె గుండ్రంగ రాదు అన్నడట. "రొట్టె ఎవలకు గుండ్రంగ వస్తది" అని మామ ఆయన దిక్కు మాట్లాడిండట. పోయేటప్పుడు నువ్వు మెట్ల మీద ఆగి "తిరుమలగిరి ముసలామెను నేనే. మా బిడ్డ నా మీద వేసి వద్దన్నది. ఆ మాట చెల్లదు. మల్ల అడుగు" అన్నవట.

ఆయన పొద్దుమీకి కిందికి దిగొచ్చి మల్ల అడిగిండు. చేతుల మొలకల డబ్బా పట్టుకొని, మూత పెట్టుడు మరిచిపోయి, సగం మెట్ల మీదనే పోసుకొని వచ్చిండు.

ఈసారి నీ మీద వెయ్యలేదు అత్తమ్మా. గోపాల్ మీద వెయ్యలేదు. నా మీదనే వేసుకొని, సరే అన్న.

రాత్రే ఫోన్ చేసి అడిగితే వాళ్లమ్మ ఒప్పుకున్నది. గడ్డి పిలగానికి పిల్ల దొరికిందని ఊరంత చెప్పుకుంటాందట. పెద్దగట్టు జాతర ఎల్లినంక, గుడిల చిన్నగ చేసుకుందామనుకుంటున్నం. ఇంకొక్క మాట అడగాలె. ఇప్పటికెల్లి నిన్ను ఏమని పిలవాలె?

నీ
దీప్తి


తిరుమలగిరి
6-3-2019

బిడ్డా దీప్తీ,

ఏమని పిలవాలెనని అడిగినవు. అత్తమ్మా అనే పిలువు. అలవాటైన పిలుపు తియ్యకు. హుజూర్‌నగర్‌ల సైదమ్మను సుత అత్తమ్మా అనే అంటవు గద, నువ్వు పిలిస్తే ఇద్దరం ఒక్కసారే పలుకుతం. ఎవలను పిలిచినవో నువ్వే చెప్పుకోవాలె, మా తప్పు లేదు.

జాతరకు పోయొచ్చినం. మీ మామ డప్పు కాడ మోకాళ్ల నొప్పులు మరిచిపోయి ఎగిరిండు, ఇంటికొచ్చి యాది చేసుకున్నడు. రెండు రోజులు కాళ్లకు ఉడుకునీళ్ల కాపుడు పెట్టిన.

నీ పెండ్లి ముచ్చట కులంల చెప్పినం. పెద్దులు మామ "మంచిదే, గని మారు పెండ్లికి పాలికల మొలకలు ఉండయి, దండలు మార్చుకుంటే సాలు" అన్నడు. ఆయన మాటకు నేను ఎన్నడు ఎదురు చెప్పలే. ఈసారి చెప్పిన. "మామా, నవధాన్యాలకు మొదటి పెండ్లని రెండో పెండ్లని ఎట్ల తెలుస్తది" అన్న. ఆయన తల గోక్కొని, మీ మామ దిక్కు చూసిండు. మీ మామ గొర్ల దిక్కు చూసిండు. అయిపాయె.

పాలికలు పెండ్లిపిల్ల తల్లి పొయ్యాలె. పుట్టమన్ను తెచ్చి, మట్టి మూకుళ్లల్ల నింపి, మల్లీశ్వరిని, ఇంకిద్దరు ముత్తైదువలను పిలిచి నేనే పోసిన. తల్లి పొయ్యాలె గద, నువ్వెందుకు పోస్తున్నవని ఎవలు అడుగలే. నవధాన్యాలతోని విజేందర్ గింజలు ఒక గుప్పెడు కలిపిన. ఇవేం గింజలక్కా అంటే నాకు ఆ పేరు నోరు తిరుగలే. అల్లుని గింజలు అన్న.

గోపాల్ కాడి పువ్వులు కొయ్యలే. కొయ్యకుంటే ఏమైతదని విజేందర్‌ను అడిగితే పసుపుపచ్చగ పూసి, కాయ కట్టి, గింజలైతయని చెప్పిండు. ఎండలు ముదరక ముందే నీళ్లు కట్టుమన్నడు, కడుతున్న. పూస్తున్నయి. పొద్దుగాల పోతే తేనెటీగలు గుయ్యిమంటున్నయి. నిన్న మీ మామ అక్కడ కట్టె మీద గడ్డమానించి నిలవడి "వీడు ఎన్నడన్న ఇంత గమ్మున నిలవడ్డడానే, తేనెటీగలు వాలనిస్తాండు" అన్నడు. ఇద్దరం నవ్వినం. వాని కాడ నవ్వుడు గదే మొదలు. ఎవలన్న చూసిండ్రా అని చుట్టు చూసుకున్నం, ఎవలు లేరు, మల్ల నవ్వినం. గింజలైతే వచ్చే చలికాలం సీసల పోస్త. అవి తింట, నీకు సుత పంపుత. మీ ఆయన గదిల గింజలకు కరువు లేదు గని, ఇవి మన ఇంటియి.

నేను మంచిగ తింటున్న. రవికెలు బిగువైతున్నయని మల్లీశ్వరి అంటాంది, ఆమె నీకు చెప్పక ముందే నేనే చెప్తున్న.

నువ్వు పెండ్లికి ముందే మన ఇంటికి రావాలె. నా ఇంట్లకెల్లే నిన్ను తోలుత. ఆగకుండ రా, ఇంట్ల ఒక తిప్పలొచ్చింది. పొయ్యి పక్క గూట్ల పెండ్లి మొలకల మూకుడు ఉన్నది, దాని పక్కనే నువ్వొస్తవని తినుటానికి వేసిన మొలకల గిన్నె ఉన్నది. రెండు ఒక్కతీరుగనే పచ్చగైనయి. ఏది పెండ్లిదో ఏది పెట్టేదో మీ మామకు తెలుస్తలేదు. ఉల్లిగడ్డ కోసుకొని కూసున్నడు. ఆయన తినకముందే వచ్చెయ్.

మీ
అత్తమ్మ